పాత గడ్డం కత్తికి కొత్త పదును: ఎంత తీయాలి, ఎక్కడ ఆగాలి?

మా తాతగారు రైల్వేలో పనిచేసేవారు. తరచూ బదిలీలు కావడంతో గడ్డం తానే గీసుకోవడం ఆయనకు అలవాటైంది. ఆయన పోయిన చాలా ఏళ్లకు, పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీది రేకు పెట్టెలో రెండు మడత కత్తులు దొరికాయి. ఊళ్లలో మంగలి కత్తి అని పిలిచే రకం. ఒకదాని తోక మీద షెఫీల్డ్ అని, రెండోదాని మీద సోలింగెన్ అని ముద్రలున్నాయి. రెండూ తుప్పు పట్టి, పిడిలోంచి సగమే తెరుచుకుంటున్నాయి.

మొదటిదాన్ని బాగుచేయాలన్న ఉత్సాహంలో తిరిగే సాన చక్రానికి ఆనించాను. తుప్పు పొడిలా రాలిపోయింది. లోహం తళతళలాడింది. పది సెకన్లు గడిచాయో లేదో, అంచు పక్కన వేలిగోరంత మేర లేత పసుపు, ఆ వెంటనే ముదురు నీలం రంగు పాకాయి. కత్తిని తీసుకెళ్లి మా వీధి చివర క్షౌరశాల నడిపే పెద్దాయనకు చూపించాను. ఆయన వెలుతురులోకి తిప్పి చూసి, "నీలం తిరిగిందా, ఇక దానిలో ప్రాణం లేదు బాబూ. ఎంత నూరినా పదును నిలవదు" అన్నారు. రెండో కత్తి సంగతి అడిగితే, "దాన్ని తొందరపెట్టకు" అని మాత్రం చెప్పారు.

ఆయన మాటలో లోహశాస్త్రం ఉంది. పాత కత్తిని బాగుచేయడమంటే కొత్తగా ఏదో చేర్చడం కాదు. పోయిన ఇనుము తిరిగి రాదు. మనం చేసే ప్రతి పనీ ఉన్న ఉక్కులోంచి ఇంకొంత తీసేదే. అందుకే ఈ పనిలో ముఖ్యమైన ప్రశ్న ఎలా తీయాలన్నది కాదు, ఎక్కడ ఆగాలన్నది.

వెన్నులోనే ఉన్న కొలత

వంటింటి కత్తికి సాన పట్టేటప్పుడు దాన్ని రాయి మీద ఎంత వాలుగా పట్టుకోవాలో మన చెయ్యే నిర్ణయిస్తుంది. గడ్డం కత్తికి ఆ అవసరం లేదు. కత్తిని రాయి మీద బల్లపరుపుగా పడుకోబెడితే మందంగా ఉండే వెన్నూ, పలుచని అంచూ రెండూ ఒకేసారి రాయిని తాకుతాయి. అంటే అంచు కోణం ఎంత ఉండాలో వెన్ను మందమే నిర్ణయిస్తుంది.

ఈ కత్తుల వెడల్పును అంగుళంలో 8వ వంతుల్లో కొలుస్తారు. మన వడ్రంగులు సూత్ అనే కొలత అదే. సాధారణంగా కనిపించే 5 సూత్‌ల కత్తి వెడల్పు దాదాపు 16 మిల్లీమీటర్లు. వెన్ను మందం 4.5 మిల్లీమీటర్లు ఉందనుకుంటే అంచు కోణం సుమారు 16 డిగ్రీలు వస్తుంది. చర్మం మీద నడిచే కత్తికి సరిపోయే కోణమిది. వెన్నును ఇష్టం వచ్చినట్టు అరగదీస్తే ఈ లెక్క తప్పుతుంది.

తొలినాటి కత్తుల అడ్డుకోత చూస్తే చీలపట్టీలా వెన్ను నుంచి అంచు దాకా తిన్నగా సన్నబడుతుంది. తరువాత వచ్చిన కత్తులకు రెండు పక్కలా లోపలికి గుంటగా సాన పట్టారు. 19వ శతాబ్దం చివరికి జర్మనీలోని సోలింగెన్ పనివాళ్లు ఇందులో ఆరితేరారు. ఇలాంటి కత్తిలో అంచుకు దగ్గరి భాగం మిల్లీమీటరులో పదో వంతుకు అటూఇటూగా, కాగితంలా పలుచగా ఉంటుంది. గోటితో మీటితే ఖంగుమంటుంది. ఆ పలుచదనమే దాని గొప్పతనం, బలహీనత కూడా. తగిలిన వేడి పారిపోవడానికి అక్కడ లోహం చాలదు.

ఈ కత్తుల ఉక్కులో కార్బన్ దాదాపు 1 శాతం ఉంటుంది. దాన్ని సుమారు 800 డిగ్రీల సెల్సియస్‌కు కాల్చి ఒక్కసారిగా చల్లారిస్తే, కార్బన్ పరమాణువులు బయటికి పోలేక ఇనుప స్ఫటికాల్లో ఇరుక్కుపోతాయి. అలా ఏర్పడే గట్టి నిర్మాణం పేరు మార్టెన్‌సైట్. అది గాజులా పెళుసుగా కూడా ఉంటుంది కాబట్టి, 200 డిగ్రీల లోపు మళ్లీ కొంచెం వేడిచేసి ఆ పెళుసుదనం తగ్గిస్తారు. ఆ స్థితిని కత్తి వందేళ్లయినా నిలుపుకుంటుంది, మనం దాన్ని మళ్లీ అంతకు మించి వేడి చేయనంత వరకు.

వేడిచేసిన ఉక్కు మీద ఏర్పడే సన్నని ఆక్సైడు పొర మందాన్ని బట్టి రంగు మారుతుంది. దాదాపు 220 డిగ్రీల వద్ద లేత గడ్డిరంగు, 260 దగ్గర గోధుమరంగు, 300 దగ్గర నీలం కనిపిస్తాయి. నా కత్తి మీద పాకిన నీలం ఆ ఉష్ణోగ్రతకు గుర్తు. అంతటి వేడికి ఇరుక్కున్న కార్బన్ బయటపడి వేరే రేణువులుగా చేరుతుంది, ఉక్కు మెత్తబడుతుంది. పై రంగును తుడిచేయవచ్చు గానీ గట్టిదనం తిరిగి రాదు. మళ్లీ ఎర్రగా కాల్చి చల్లార్చాలంటే అంత పలుచని రేకు వంకర పోతుంది, లేదా పగులుతుంది.

షెఫీల్డ్ ఉక్కు వెనుక మన ఉక్కు

తోక మీది ముద్రలు చదవడం ఈ పనిలో ఓ సరదా. కత్తి వయసు అంచనా వేయడానికి కూడా అవి పనికొస్తాయి. విదేశీ సరుకు స్వదేశీ సరుకుగా చలామణీ కాకుండా బ్రిటన్ 1887లో ఒక చట్టం చేసింది. వస్తువుల మీద "మేడ్ ఇన్ జర్మనీ" అన్న మాట ప్రచారంలోకి వచ్చింది దాని తరువాతే. సోలింగెన్ పేరును ఆ ఊళ్లో తయారైన కత్తులకే పరిమితం చేస్తూ జర్మనీ 1938లో చట్టం తెచ్చింది. తుప్పుపట్టని ఉక్కును షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ రూపొందించింది 1913లో. అంతకు ముందరి కత్తులన్నీ తేలిగ్గా తుప్పు పట్టే కార్బన్ ఉక్కువే.

కొన్ని పాత షెఫీల్డ్ కత్తుల మీద "సిల్వర్ స్టీల్" అని ఉంటుంది. ఆ మాట వెనుక మన ప్రాంతపు కథ ఉంది. దక్షిణ భారతంలో మూసల్లో కరిగించి తయారు చేసిన ఉక్కును ఐరోపావాళ్లు వూట్జ్ అన్నారు. ఉక్కు అనే మన మాటే అలా మారిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఆ ఉక్కుకు పేరుపొందిన ఊరు. పర్షియా వర్తకులు దాని కోసం అక్కడికి వచ్చేవారు.

1795లో జార్జ్ పియర్సన్ లండన్ రాయల్ సొసైటీకి వూట్జ్ గురించి వివరించాడు. 1819లో మైకేల్ ఫారడే దాన్ని విశ్లేషించాడు. తరువాత జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి, ఆ ఉక్కు రహస్యం పట్టుకోవాలని ఇనుముకు రకరకాల లోహాలు కలిపి చూశాడు. అందులో వెండి ఒకటి. 500 భాగాల ఉక్కుకు 1 భాగం వెండి మాత్రమే సరిగా కలుస్తుందని వాళ్లు తేల్చారు. సిల్వర్ స్టీల్ పేరు అలా ప్రచారంలోకి వచ్చింది. అయితే ఆ ముద్ర ఉన్నంత మాత్రాన కత్తిలో వెండి ఉందని కాదు. వ్యాపారులకు ఆ పేరు నచ్చింది, అంతే.

ముందు చూడాలి, తరువాతే ముట్టాలి

రెండో కత్తిని నేను వారం రోజులపాటు చూస్తూనే ఉన్నాను. కంసాలులు వాడే చిన్న భూతద్దం ఉంటే ఈ పని తేలిక.

మొదట అంచు. దానికి అడ్డంగా జుట్టంత పగులు కనిపించినా ఆ కత్తితో గడ్డం గీయకూడదు. సాన పడితే పగులు పోదు, పెరుగుతుంది. అలాంటి కత్తిని శుభ్రం చేసి జ్ఞాపకంగా దాచుకోవడమే మంచిది. తరువాత తుప్పు ఎక్కడ ఉందో చూడాలి. వెన్ను మీద, తోక మీద ఉన్న గుంటలు చూపుకు బాగోకపోయినా పనికి అడ్డురావు. అంచుకు ఒకటి రెండు మిల్లీమీటర్ల దూరంలో ఉన్న లోతైన గుంట మాత్రం ప్రమాదం. నూరుతూ పోతే అంచు ఆ గుంటను చేరుతుంది, అక్కడ విరుగుతుంది.

ఆ తరువాత పిడి. ఇది కొమ్ముదా, ఎముకదా, దంతానిదా, సెల్యులాయిడ్‌దా? ఎముక మీద నల్లని సన్నటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఒకప్పుడు రక్తనాళాలు నడిచిన దారులవి. ఏనుగు దంతం అడ్డుకోతలో ఒకదాన్నొకటి ఖండించుకునే వంపు గీతలుంటాయి. దంతపు పిడి అని తేలితే దాని జోలికి వెళ్లే ముందు చట్టం గుర్తుంచుకోవాలి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం మన దేశంలో ఏనుగు దంతం కొనడం, అమ్మడం నేరం. ఎముకను గానీ కొమ్మును గానీ రుద్దేటప్పుడు ముక్కుకు మాస్కు తప్పనిసరి. ఆ పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

నాలుగింటిలో కాస్త భయపడాల్సింది సెల్యులాయిడ్‌కే. దూదిలోని సెల్యులోజ్‌ను నైట్రిక్ ఆమ్లంతో మార్చి, కర్పూరం కలిపి చేసిన తొలితరం ప్లాస్టిక్ ఇది. అమెరికాలో జాన్ వెస్లీ హయత్ 1870 ప్రాంతంలో దీన్ని మార్కెట్లోకి తెచ్చాడు. పిడిని బొటనవేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే గుడిలో హారతి పళ్లెం గుర్తొస్తుంది. ఆ కర్పూరం ఏళ్లు గడిచేకొద్దీ ఆవిరైపోతుంది. మిగిలిన పదార్థం విరిగి నైట్రోజన్ ఆక్సైడు వాయువులను వదులుతుంది. వాటికి గాలిలోని తేమ తోడైతే మళ్లీ నైట్రిక్ ఆమ్లమే పుడుతుంది. ఆ ఆమ్లం సెల్యులాయిడ్‌ను ఇంకా వేగంగా విరగ్గొడుతుంది. ఒకసారి మొదలైతే తనను తానే పెంచుకునే చర్య ఇది. దాన్ని ఆపే మందు లేదు.

మడిచి పెట్టిన కత్తి ఏళ్లతరబడి ఆ ఆమ్లపు ఆవిరిలోనే నిద్రపోతుంది. అందుకే కొన్ని కత్తులు తోక దగ్గర మెరుస్తూ, పిడిలో దాగే భాగం మాత్రం పూర్తిగా తినేసి ఉంటాయి. పిడి మీద సన్నటి పగుళ్లు, పొడి రాలడం, ఇత్తడి రివిట్టుల చుట్టూ పచ్చని చిలుము కనిపిస్తే పిడి చెడిపోతోందని అర్థం. దాన్ని వెంటనే కత్తి నుంచి వేరు చేసి, గాలి ఆడే చోట విడిగా ఉంచాలి. కాల్చి చూసే పరీక్షలు వద్దు. అది భగ్గుమని మండుతుంది. పాత సినిమా రీళ్లు కూడా ఈ కుటుంబపు పదార్థంతోనే చేసేవారు. 2003లో పుణెలో జరిగిన అగ్నిప్రమాదంలో జాతీయ చలనచిత్ర భాండాగారానికి చెందిన నైట్రేట్ ఫిల్ములు ఎన్నో బూడిదయ్యాయి.

అదృష్టవశాత్తూ మా సోలింగెన్ కత్తి పిడి కొమ్ముది. ఎండి కళ తప్పిందే గానీ గట్టిగానే ఉంది.

ఎర్ర తుప్పు వేరు, నల్ల పొర వేరు

ఇనుము, ఆక్సిజన్, నీరు కలిస్తే తుప్పు. దీనికి ఉప్పు తోడైతే వేగం పెరుగుతుంది. చెమటలోనూ సముద్రపు గాలిలోనూ ఉండే క్లోరైడ్ ఒకచోట చేరి లోపలికి తొలుచుకుంటూ పోతుంది. గుంటలు పడేది ఇలాగే. తుప్పు తాను తిన్న ఇనుము కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది, పైగా స్పాంజిలా తేమను పట్టి ఉంచుతుంది. కాబట్టి ఎర్ర తుప్పు ఉన్నంతకాలం దాని కింద కొత్త తుప్పు పుడుతూనే ఉంటుంది. దాన్ని తీయాల్సిందే.

బూడిదరంగులోనో నలుపులోనో గట్టిగా అంటుకుని ఉండే పొర సంగతి వేరు. అందులో ఎక్కువ భాగం మాగ్నటైట్ అనే మరో ఆక్సైడు. అది రాలదు, వేలికి అంటదు, కింది ఉక్కును కొంతవరకు కాపాడుతుంది కూడా. కత్తి అద్దంలా మెరవాలన్న కోరికతో ఈ పొరను తీసేవాళ్లు మంచి ఉక్కును కూడా పోగొట్టుకుంటారు. వాడకానికి నల్ల మచ్చలతో ఇబ్బంది లేదు.

ఇత్తడి చెంబును చింతపండుతో తోమితే మిలమిలలాడుతుంది కదా, దీనికీ అదే పెడితే? చాలామందికి వచ్చే ఆలోచనే. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం, వెనిగర్‌లోని ఎసిటిక్ ఆమ్లం తుప్పును కరిగిస్తాయి, నిజమే. కానీ తుప్పు అయిపోగానే అవి ఆగవు. కింది ఉక్కును కూడా తిని, మెరుపు పోయిన బూడిదరంగు తలాన్ని మిగులుస్తాయి. తోక మీది ముద్రలు చెరిగిపోతాయి. పైగా ఆమ్లం, ఇనుము కలిసినప్పుడు పుట్టే హైడ్రోజన్ గట్టి ఉక్కులోకి చొరబడి దాన్ని పెళుసు చేయగలదు. పలుచని అంచుకు ఆ పరీక్ష పెట్టడం అనవసరం.

నూనె, కాగితం, ఓపిక

నేను వాడినవి మామూలు వస్తువులే. కుట్టుమిషను నూనె, నీళ్లలో తడిపి వాడే నల్ల ఎమెరీ కాగితం, సీసా బిరడా ముక్క, దంతాలు కుట్టుకునే పుల్లలు, ఒక చెక్క పలక. నూనె వేసి రెండు రోజులు ఊరనిచ్చాక పైపై తుప్పు మెత్తబడింది. రివిట్టు దగ్గర పుల్లతో, నూనెలో ముంచిన దారంతో శుభ్రం చేశాను. పిడిని ఊడదీయలేదు. రివిట్టును అరగదీసి తీయవచ్చు, 1.6 మిల్లీమీటర్ల ఇత్తడి కడ్డీతో కొత్తది వేయవచ్చు. కానీ ఆ కొట్టుడులో పాత కొమ్ము పగిలే అవకాశం ఎక్కువ. అవసరం లేని పని చేయకపోవడం కూడా మరమ్మతులో భాగమే.

కత్తిని గాలిలో పట్టుకుని రుద్దకూడదు. అంచు చెక్క మీద పూర్తిగా ఆనేలా పలక మీద పడుకోబెట్టాలి. ఎమెరీ కాగితాన్ని బిరడాకు చుట్టి, నూనె చుక్కలు వేస్తూ, కత్తి పొడవునా నడపాలి. వెన్ను నుంచి అంచు మీదుగా బయటికి లాగితే వేలు తెగుతుంది, అంచు కూడా మొద్దుబారుతుంది. 600 నంబరుతో మొదలుపెట్టి 1000, 2000 దాకా వెళ్లాను. ఒక్కో నంబరు కాగితం దానికి ముందుది వేసిన గీతలను చెరిపేస్తుంది. తుప్పు మరీ గట్టిగా ఉన్నచోట 400తో మొదలుపెట్టవచ్చు, అంతకంటే గరుకుది వద్దు. చేత్తో రుద్దితే పుట్టే వేడి గోరువెచ్చగా కూడా ఉండదు. యంత్రానికీ చేతికీ అసలు తేడా అదే. సాయంత్రం పూట అరగంట చొప్పున ఆరు రోజులు పట్టింది. ఎర్రదనమంతా పోయింది. వెన్ను దగ్గర నాలుగు గుంటలు, నల్లని మచ్చలు మిగిలాయి. అక్కడ ఆగాను.

రాయి మీద

పదును పెట్టడానికి ముందు రాయి చదునుగా ఉండాలి. మధ్యలో గుంటపడిన సానరాయి మీద ఎంత నూరినా అంచంతా ఒకేలా తాకదు. మొదట 1000 నంబరు రాయి, తరువాత 4000 లేదా 5000, ఆ తరువాత 8000, వీలైతే 12000. మొదటి రాయి మీదే అసలు పని జరుగుతుంది. రెండు వైపుల వాలు తలాలు ఒకే గీత మీద కలిసేదాకా పై నంబరుకు వెళ్లకూడదు. ఎక్కడ తాకుతోందో తెలియాలంటే అంచు వెంబడి మార్కర్ పెన్నుతో గీత గీసి రాయి మీద రెండుసార్లు నడపాలి. సిరా చెరగని చోటు రాయిని తాకడం లేదని అర్థం.

కత్తిని తడిరాయి మీద బల్లపరుపుగా పెట్టి, అంచు ముందు, వెన్ను వెనుక ఉండేలా నడపాలి. చివరికి వచ్చాక వెన్ను మీదుగా తిప్పాలి, అంచు మీదుగా కాదు. కత్తి బరువు చాలు, వేళ్లతో నొక్కక్కర్లేదు. నొక్కితే పలుచని రేకు వంగి, కోణం మారిపోతుంది. వెన్ను కూడా అంచుతోపాటే కొద్దికొద్దిగా అరుగుతుంది, అందువల్ల కోణం తరతరాలకూ దాదాపు అలాగే ఉంటుంది. ఈ కత్తిని రూపొందించినవాళ్ల తెలివి అదే.

చివరి పని తోలు పట్టీ మీద. ఇక్కడ దిశ మారుతుంది. వెన్ను ముందు, అంచు వెనుక. తోలు లోహాన్ని పెద్దగా తీయదు. సూక్ష్మంగా వంగిన అంచును సరిచేస్తుంది. గడ్డం గీసుకునే ప్రతిసారీ ముందు పట్టీ మీద నడపడం వెనుక కారణమిదే.

వెంట్రుక ఉక్కును ఎలా విరుస్తుంది?

ఉక్కుతో పోలిస్తే వెంట్రుక దాదాపు 50 రెట్లు మెత్తన. అయినా గడ్డం గీసే బ్లేడు మొద్దుబారుతుంది. ఎందుకు? మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద వెంట్రుకలు కోసి చూసి, 2020లో సైన్స్ పత్రికలో జవాబు చెప్పారు. అంచు మెల్లగా గుండ్రబడడం కంటే, చిన్న చిన్న పెచ్చులుగా విరగడమే ముఖ్య కారణమట. వెంట్రుక వాలుగా వంగి అంచును పక్కకు నెట్టినప్పుడు, ఉక్కు లోపలి నిర్మాణం ఒకేలా లేని చోట, పక్కనే అతిసూక్ష్మమైన లోపం ఉంటే అక్కడ పెచ్చు లేస్తుంది. వాళ్లు పరీక్షించింది వాడి పారేసే బ్లేడ్లను. కానీ తుప్పు గుంట పక్కన అంచు పెట్టుకోకూడదన్న పాత జాగ్రత్తకు ఆ ఫలితం బలం చేకూరుస్తుంది.

వేడినీళ్లతో గడ్డం బాగా తడపడం వెనుక కూడా శాస్త్రం ఉంది. వెంట్రుకలోని కెరాటిన్ నీరు పీల్చుకుని ఉబ్బుతుంది. దాని పోగులను పట్టి ఉంచే హైడ్రోజన్ బంధాలు సడలుతాయి. రెండు మూడు నిమిషాలు తడిస్తే కోతకు కావలసిన బలం బాగా తగ్గుతుంది. అంచు మీద భారమూ తగ్గుతుంది.

రక్తం సంగతి మరవద్దు

సంతలోనో పాత సామాను దుకాణంలోనో కొన్న కత్తి ఎవరెవరి చర్మాన్ని తాకిందో మనకు తెలియదు. హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట, ఎండిన రక్తంలో కనీసం 7 రోజులు బతకగలదు. క్షౌరశాలల్లో మనిషి మనిషికీ మార్చే సగం బ్లేడు వచ్చింది ఇలాంటి ప్రమాదాన్ని తప్పించడానికే. బాగుచేసిన పాత కత్తి ఒక్కరికే ఉండాలి. తండ్రీకొడుకులైనా పంచుకోకూడదు. వాడే ముందు సబ్బునీటితో బాగా కడిగి, ఆరాక 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. బ్లీచింగ్ ద్రావణం ఉక్కును తినేస్తుంది కాబట్టి వద్దు. మరిగే నీళ్లు 100 డిగ్రీలే కనుక ఉక్కు గట్టిదనానికి ముప్పులేదు, కానీ కొమ్ము, సెల్యులాయిడ్ పిడులు పాడవుతాయి. మధుమేహం ఉన్నవాళ్లు, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్లు ఇలాంటి కత్తితో ప్రయోగాలు చేయకపోవడమే మంచిది. ధనుర్వాతం టీకా వేయించుకుని ఉండడం అందరికీ అవసరం.

వాడిన వెంటనే కడిగి, తుడిచి, రివిట్టు దగ్గరి తేమ కూడా ఆరేదాకా తెరిచి ఉంచాలి. సన్నగా మిషను నూనె రాసి, సిలికా జెల్ పొట్లంతో పాటు పొడి డబ్బాలో పెట్టాలి. స్నానాల గదిలో ఉంచవద్దు. తోలు సంచిలోనూ దాచవద్దు, తోలు తేమను పట్టి ఉంచుతుంది.

సోలింగెన్ కత్తి పని పూర్తయ్యాక పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లాను. ఆయన ముంజేతి మీద వెంట్రుకలకు అంటీ అంటనట్టు కత్తి ఆనించి చూశారు. తరువాత వెన్ను దగ్గరి మచ్చలు చూపించి, "ఇవి తీయలేదేం?" అని అడిగారు. తీస్తే ఉక్కు పోతుందని చెప్పాను. ఆయన కత్తి మడిచి నా చేతికిచ్చి, "ఇంకో మనవడికి కూడా పనికొస్తుంది" అన్నారు.

నీలం మచ్చ పడ్డ షెఫీల్డ్ కత్తిని పారేయలేదు. అదీ ఇదీ ఒకే డబ్బాలో ఉన్నాయి. ఏ పాత వస్తువునైనా బాగుచేద్దామని యంత్రం స్విచ్ మీద చెయ్యి వేసే ముందు ఒకసారి ఆ డబ్బా తెరిచి చూస్తాను.